చిట్టిబాబు వీణా, పది రోజుల సెలవూ

"పది రోజులు నా స్నేహితురాలింటికి వెళ్ళొస్తాను" అనగానే మా ఇంట్లో అందరూ నా మొహం వంక అదోలా చూశారు. పుట్టింటికంటే అర్థముంది. కూతురి పురిటికంటే అర్థముంది. కాశీకో తిరుపతికో అన్నా సరే. ఏ శుభకార్యమూ లేకుండా, ఎవరికీ ఒంట్లో బాగోలేకుండా, ఉత్తినే ఒక స్నేహితురాలితో గడపడానికి వెళ్ళడమేమిటి? "ఆవిడకేమైనా అయిందా?" అన్నారు మావారు. "నీకేమైనా అయిందా అమ్మా?" అని బెంగుళూరు నుంచి మా అబ్బాయి ఫోను. ఇద్దరికీ ఒకటే సమాధానం చెప్పాను. ఎవరికీ ఏమీ కాలేదు, అందుకే వెళ్తున్నాను అని.

మీరే చెప్పండి, పెళ్ళయ్యాక మనకి స్నేహితురాళ్ళతో గడిపే వేళ ఎక్కడుంటుంది? నాదీ దానిదీ డిగ్రీ అయిపోయింది 1987లో. అది విజయనగరంలోనే ఉండిపోయింది, నేను హైదరాబాదు వచ్చేశాను. ఆ తర్వాత ముప్ఫై ఏడేళ్ళలో మేం కలిసింది పెళ్ళి పందిళ్ళలోనే. "ఎలా ఉన్నావే", "చిక్కావేమే", "పిల్లలేం చదువుతున్నారు" అనేసరికి రెండో బంతికి పిలుపొచ్చేది. ఆకు ముందు కూచుంటే పక్కన పెద్దవాళ్ళు. ఏం మాట్లాడతాం? గోంగూర పచ్చడి బాగుందనుకునేవాళ్ళం.

2019లో దాని భర్త పోయారు. అప్పుడు వెళ్ళాను. ఒక్క పూట. అలాంటి పూట మాటలేముంటాయి? ఆ తర్వాత కరోనా, మా అత్తగారి మంచం, మా అబ్బాయి పెళ్ళి... ఏడాది వెనక ఏడాది దొర్లిపోయింది. 2024 వినాయక చవితినాడు ఫోన్ చేసి, "ఒసే, ఈ దసరా ఈ ఇంట్లో నాకు ఆఖరిదేమోనే. వచ్చీయకూడదా?" అంది. ఇల్లు అమ్మేసి తమ దగ్గరికి వచ్చేయమని కొడుకూ కోడలూ అడుగుతున్నారట. ఇంక నేను ఆలోచించలేదు. అక్టోబరు 5 రాత్రి రైలెక్కేశాను.

దాని గురించి ఒక సంగతి చెప్పాలి. అది చిన్నప్పుడు వీణ నేర్చుకుంది. ఊరు విజయనగరమాయె. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన మహారాజావారి సంగీత కళాశాల ఉన్న ఊరు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు చెప్పిన చోటు. ఘంటసాల, సుశీల చదువుకున్న చోటు. ఆ ఊళ్ళో ఆడపిల్లకి సంగీతం చెప్పించడం వింతేమీ కాదు. దానికి పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్నగారు పీఎఫ్ లోను పెట్టి బొబ్బిలి వీణ కొన్నారు. నేను సాయంత్రం సినిమాకి పిలవడానికి వెళితే సాధన అయ్యేదాకా గుమ్మంలో కూచుని వాళ్ళ పెరటి జామకాయలు తినేదాన్ని. నాకు ఆ వీణ అంటే ఎంత కోపమో! దాని మూలంగా ఎన్ని సినిమాలకి పేర్లు పడడం చూడలేకపోయామో లెక్కలేదు.

అంతకుమించి నాకు వీణ అంటే తెలిసిందేమీ లేదు. రేడియోలో వార్తలకీ పంటపొలాల కార్యక్రమానికీ మధ్య రెండు నిమిషాలు ఖాళీ వస్తే వేసేది వీణ. టీవీలో బొమ్మ ఆగిపోయి 'అంతరాయానికి చింతిస్తున్నాం' అని పడ్డప్పుడు వినిపించేది వీణ. క్యాలెండర్లో సరస్వతీదేవి ఒళ్ళో ఉండేది వీణ. మీలో చాలామందికి కూడా ఇంతే అయి ఉంటుందని నా అనుమానం.

వెళ్ళిన మూడు రోజులూ కబుర్లతోనే సరిపోయింది. పొద్దున్నే కాఫీలతో పెరట్లో చప్టా మీద కూచుంటే తొమ్మిదయ్యేది. వంట ఇద్దరం కలిసి చేసేవాళ్ళం. ఉత్తరాంధ్ర వాళ్ళ చేతిలో ఆవ ఉంటుంది, మనకి రమ్మన్నా రాదు. అది చేసిన ఆవ పెట్టిన అరటికాయ కూర నేను చేసినప్పుడు ఎందుకు చేదొచ్చేదో ఇన్నాళ్ళకి తెలిసింది. ఆవాలు నానబెట్టి, ఎండుమిరపకాయా ఉప్పూ వేసి నూరిన ముద్దని కూర పొయ్యి మీదుండగా కలపకూడదట. దింపి, కాస్త చల్లారాక, చుక్క పచ్చినూనెతో కలపాలట. "వేడి తగిల్తే ఆవకి కోపమొస్తుందే" అంది. అప్పటినుంచీ మా ఇంట్లోనూ అలాగే చేస్తున్నాను.

9వ తారీఖు బుధవారం మూలా నక్షత్రం, సరస్వతీ పూజ. పొద్దున్నే స్నానం చేసి, గదిలో అటకమీంచి పొడుగాటి పాత పరుపుగుడ్డ మూట దింపింది. విప్పితే వీణ! నా సినిమాలకి అడ్డుపడ్డ ఆ వీణే. మెత్తటి గుడ్డతో తుడిచి, దేవుడి గదిలో పీట మీద పెట్టి, యాళి ముఖానికి బొట్టు పెట్టి, దండికి బంతిపూల దండ చుట్టింది. దద్దోజనం నైవేద్యం పెట్టి హారతిచ్చింది. నాకు చాలా ముచ్చటేసింది.

"రోజూ వాయిస్తావా?" అన్నాను.

"పిచ్చిదానా, పెళ్ళయిం తర్వాత ముట్టుకుంటేగా! ఏడాదికోసారి దింపుతాను, బొట్టు పెడతాను, విజయదశమి వెళ్ళాక ఎక్కించేస్తాను" అంది, అదేదో దీపావళికి ముందు బూజులు దులపడం లాంటి పనైనట్టు.

ఎవరైనా వద్దన్నారా అని అడిగాను. అత్తగారా? మొగుడా? ఎవరూ అనలేదట. అసలు అదే కదా విచిత్రం! ఆయనది జూట్ మిల్లులో ఉద్యోగం, సగం నెల రాత్రి షిఫ్టు. పగలు పడుకోవాలి. రెండు గదుల ఇల్లు. పగలు వాయిస్తే మనిషి నిద్ర చెడుతుంది. రాత్రి వాయిస్తే పిల్లల చదువులు, పక్కవాటా వాళ్ళు. సాయంత్రం వంట. "ఇవాళ కాదు, రేపు" అనుకుంటూ పోయింది. "ఎవరైనా వద్దని ఉంటే పంతం కొద్దీ వాయించేదాన్నేమోనే" అని నవ్వింది.

"ఈసారి అటకెక్కించక్కర్లేదులే" అంది కాసేపాగి. వాళ్ళ తోడికోడలి కొడుకు విశాఖపట్నంలో హోటలు కడుతున్నాడట. లోపలికి అడుగుపెట్టగానే కనబడేలా అద్దాల పెట్టెలో ఒక పాత బొబ్బిలి వీణ పెట్టాలని అతని సరదా. "పిన్నీ, నువ్వెలాగూ వాయించవు కదా, ఊరెళ్ళిపోతున్నావు కదా" అన్నాడట. దశమినాడు కారేసుకొచ్చి పట్టుకెళతానన్నాడట. ఇదీ సరేనందట.

నేనేమీ అనలేదు. అపార్టుమెంటుకి ఆ వీణ మోసుకెళ్ళి ఎక్కడ పెడుతుంది, నిజమే. కానీ మధ్యాహ్నమంతా దేవుడి గదివైపు చూసినప్పుడల్లా మనసు ఎలాగో ఉంది.

రాత్రి భోజనాలయ్యాక, "పోనీ ఓసారి వాయించవే" అన్నాను. పూజలో పెట్టింది దశమి వెళ్ళేదాకా కదపకూడదంది. కదిపినా పలకదంది. మెట్ల కింద మైనం పెచ్చులూడిపోయిందట, తీగలు తుప్పట. అని లేచి బీరువా తెరిచి, కింది అరలోంచి పాత బిస్కట్ల డబ్బా తీసింది. "వీణ వినాలంటే ఇది విను" అంటూ మూత తీసింది. అందులో పదకొండు క్యాసెట్లు. పదకొండూ చిట్టిబాబువే.

జూట్ మిల్లులో దసరాకి బోనస్ ఇచ్చేవారట. ఆ బోనస్‌లోంచి పిల్లలకి బట్టలు, ఇంటికి సరుకులు, దానికి మాత్రం ఏటా ఒక వీణ క్యాసెట్టు. ఆయనకి సంగీతం రాదు. వీణ అంటే ఆయనకి తెలిసిన పేరు చిట్టిబాబు ఒక్కటే. కొట్టుకెళ్ళి, "చిట్టిబాబుది కొత్తదేమైనా ఉందా?" అని అడిగి తెచ్చేవారట. ఒకసారి ఉన్నదే మళ్ళీ తెచ్చారట. ఇది ఆ సంగతి చెప్పలేదు. "అందుకే పదకొండు, విప్పి చూస్తే పదే" అంది. తన నిద్ర కోసం ఆగిపోయిన వీణకి బదులు అవి తెచ్చేవారేమోనని నాకు తోచింది. నేను అడగలేదు, అది చెప్పలేదు.

వాళ్ళింట్లో పాత టూ ఇన్ వన్ ఇంకా ఉంది. మొదటి క్యాసెట్టు పెట్టగానే టేపు చుట్టుకుపోయింది. పెన్సిల్ దూర్చి వెనక్కి తిప్పి, దూదితో హెడ్డు తుడిచి (మన కాలపు ఆడవాళ్ళకి రాని మెకానిజమంటూ ఉందా!) మళ్ళీ పెడితే, గరగరమని కాసేపు మొరాయించి, పాడింది.

మొదట వచ్చింది పట్నం సుబ్రహ్మణ్యయ్యరు గారి 'రఘువంశ సుధ'. రాగం కదనకుతూహలమని అదే చెప్పింది. ఏం చెప్పనండీ! వీణంటే కళ్ళు మూసుకుని గంభీరంగా వినాల్సిన వస్తువనుకున్నాను. ఇది బడి వదిలిన పిల్లలు మెట్లమీంచి గెంతుకుంటూ దిగుతున్నట్టుంది. వీణ నవ్వుతుందని నాకెవరూ చెప్పలేదే! అయిపోగానే, "మళ్ళీ వెయ్యి" అన్నాను. మళ్ళీ వేసింది. మూడోసారి వెయ్యమంటే, "ముందు ఇది వినవే" అని క్యాసెట్టు మార్చింది.

అది 'కొమ్మలో కోయిల'. ఆయన సొంత రచనట, వీణ మీద కోయిల కూత. కూసింది. ఆగింది. ఇంకొంచెం పైస్థాయిలో మళ్ళీ కూసింది. కోయిలని ఉడికిస్తే ఎలా రెచ్చిపోతుందో మీకు తెలుసు కదా, అచ్చం అలాగే. నేను గబుక్కున కిటికీలోంచి పెరట్లోకి చూశాను. "అక్టోబర్లో కోయిలేటే!" అని అది పడీ పడీ నవ్వింది. ముప్ఫై ఏడేళ్ళ తర్వాత దాని ఆ నవ్వు విన్నాను. చిన్నప్పుడు సినిమా హాల్లో పక్కవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వేది, ఆ నవ్వు.

ఎలా వినాలో కూడా అదే నేర్పింది. "కుడిచేత్తో మీటేది ఒక్కసారే. ఆ తర్వాత ఎడంచెయ్యి ఏం చేస్తోందో విను. మెట్టు మీద తీగని పక్కకి లాగుతాడు. ఒక మీటులోంచి ఎన్ని స్వరాలొస్తున్నాయో లెక్కపెట్టు" అంది. నేను వేళ్ళు ముడుచుకుంటూ కూచున్నాను. రెండు, మూడు, నాలుగు... మీటిన చప్పుడు చచ్చిపోవాలి కదా, చావదు. సన్నగా సాగి, వంగి, మళ్ళీ పైకి లేచి, ఎవరో దూరంనుంచి పేరు పెట్టి పిలుస్తున్నట్టు వస్తూనే ఉంటుంది. గొంతుతో పాడినట్టే వీణ వాయించడం ఆయన గురువుగారు ఈమని శంకరశాస్త్రి గారి బాణీ అట. గొంతుకి ఊపిరి ఉంది, సాగదీయగలదు. తీగకేముంది? ఒకసారి మీటితే వచ్చే ఆ కాస్త నాదమే. అది అయిపోయేలోగా చెప్పాల్సిందంతా చెప్పెయ్యాలి. అది వివరిస్తుంటే నాకు ఆయన వాయించేది ఎంత కష్టమో అప్పుడర్థమైంది. వినేవాళ్ళకి మాత్రం ఆ కష్టం ఒక్క పిసరు తెలియనివ్వడు.

ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు. పొద్దున కూరలు తరుగుతూ ఫోన్లో చిట్టిబాబు, రాత్రి క్యాసెట్లలో చిట్టిబాబు. ఆయన గురించి దొరికిందల్లా చదివాను. పుట్టింది కాకినాడలో, 1936 అక్టోబరు 13న. ఐదేళ్ళప్పుడు తండ్రి వీణ వాయిస్తుంటే తప్పు స్వరం పడిందని చెప్పి సరిదిద్దాడని చెప్పుకుంటారు. ఆ తండ్రి కోప్పడకుండా కొడుక్కి వీణ నేర్పించాడు, చూడండి. పన్నెండేళ్ళప్పుడు మద్రాసు వెళ్ళారు. ఎందుకనుకున్నారు? సినిమాలో వేషానికి! 1949లో వచ్చిన భరణీ వారి 'లైలా మజ్ను'లో చిన్నప్పటి మజ్ను ఆయనే. పెద్ద మజ్ను అక్కినేని. వేషాలేస్తూ ఉండిపోతే ఏమయ్యేదో! తర్వాత సినిమా పాటలకి వీణ వాయించారు. 1964లో తమిళంలో శ్రీధర్ తీసిన 'కలైకోవిల్' వీణ చుట్టూ తిరిగే కథ. అందులో వినిపించే వీణ చిట్టిబాబుది. బాలమురళీకృష్ణ, సుశీల కలిసి పాడిన పాటొకటి ఉంది అందులో. "చూశావా, అరవ సినిమాలో ముగ్గురూ మనవాళ్ళే, అందులో ఒకావిడ మా ఊరావిడే" అని మా స్నేహితురాలికి మహా గర్వం. 1990లో సంగీత నాటక అకాడెమీ అవార్డు వచ్చింది. 1996 ఫిబ్రవరి 9న మద్రాసులో పోయారు. గుండెపోటు. అరవై కూడా నిండలేదు.

ఆ చివరి వాక్యం చదివి కాసేపు ఫోను పక్కన పెట్టేశాను. మొన్న పరిచయమైన మనిషి ఇరవై ఎనిమిదేళ్ళ క్రితమే పోయాడని ఇవాళ తెలిస్తే ఏమనుకోవాలి? ఎవరికైనా చెబితే నవ్వరూ? "ఎంత గొప్పగా వాయించారండీ" అని ఒక కార్డు ముక్క రాద్దామన్నా తీసుకునేవాళ్ళు లేరు.

ఆ రాత్రి దానితో ఈ మాటే అన్నాను. అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా చెప్పింది. ఆయన పోయిన వార్త మర్నాడు పేపర్లో చూసిందట. పిల్లలు బడికెళ్ళారు. ఆయన రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుని ఉన్నారు. పేపరు మడిచి పెట్టి, వంటింట్లో గోడకి ఆనుకుని కూచుండిపోయిందట. పన్నెండైనా పొయ్యి వెలిగించలేదు. అత్తగారొచ్చి ఏమైందంటే తలనొప్పి అని చెప్పిందట. "ఒక వీణ విద్వాంసుడు పోయాడు, అందుకని వంట చెయ్యలేదు అని ఎవరితో చెప్పనే? నేనాయన్ని కళ్ళతోనైనా చూళ్ళేదు. ఒక్క కచేరీకీ వెళ్ళలేదు. బంధువా, ఊరివాడా? కానీ, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ మొదలెడతాను, ఆయన ఉన్నాడుగా, వింటూ నేర్చుకుంటాను అనుకునేదాన్ని. ఆవేళ ఎందుకో నాదీ అయిపోయిందనిపించింది."

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ మాట ఇది ఎవరితోనూ అనలేదు. పెళ్ళి పందిట్లో రెండో బంతికీ మూడో బంతికీ మధ్య చెప్పుకునే మాటా ఇది? పది రోజుల సెలవు దేనికని మా ఇంట్లో అడిగారు కదా, దీనికే అని చెబితే వాళ్ళకి అర్థమయ్యేనా!

నేను సలహాలేమీ ఇవ్వలేదు. నాకు సలహాలివ్వడం రాదు కూడా. "ఇంకో క్యాసెట్టు పెట్టవే" అన్నానంతే.

దశమినాడు ఆ అబ్బాయి నిజంగానే కారేసుకుని వచ్చాడు. మంచి కుర్రాడే, పిన్నికి చీర కూడా తెచ్చాడు. వీణకి చుట్టడానికి బుడగల ప్లాస్టిక్కు చుట్ట, తాళ్ళు, అన్నీ తెచ్చుకున్నాడు. బొబ్బట్లు తిన్నాడు. "ఎక్కడ పిన్నీ?" అని లేచాడు.

అది చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఒరే, నీకు అద్దాల పెట్టెలోకి వీణ కావాలి, అంతే కదా? పలకాలా?" అంది.

"పలకడమెందుకు పిన్నీ, చూడ్డానికే" అన్నాడు.

"అయితే గొల్లపల్లిలో బహుమతులిచ్చే బుల్లి వీణలు చేస్తారు. చక్కటి నగిషీతో నీకొకటి తెచ్చిస్తాను. దీన్ని రిపేరుకి ఇస్తున్నాను" అంది. నాతో మాటమాత్రం అనలేదు సుమండీ! నేను తింటున్న బొబ్బట్టు చేతిలోనే ఉండిపోయింది. ఆ అబ్బాయి కొంచెం నసిగాడు. పాతదైతే ఆ అందమే వేరన్నాడు, మీరు వెళ్ళాక ఎలాగూ అన్నాడు. ఇది ఇంకో బొబ్బట్టు వడ్డించింది. ఆ ప్లాస్టిక్కు చుట్ట మాత్రం ఉంచెయ్యమంది, మర్నాడు ప్రయాణంలో వీణకి పనికొస్తుందని.

మర్నాడు ఆదివారం, 13వ తారీఖు. చిట్టిబాబు పుట్టినరోజు. కావాలని కుదుర్చుకున్నది కాదు, దశమి మర్నాడు అదే పడింది. కారు మాట్లాడుకుని, వెనక సీట్లో వీణని మా ఇద్దరి ఒళ్ళల్లో అడ్డంగా పెట్టుకుని బొబ్బిలి బయల్దేరాం. బొబ్బిలంటే మనకి 1757 యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. వీణలు చేసేవాళ్ళుండేది దాని పక్కనున్న గొల్లపల్లిలో. సర్వసిద్ధి వారని, తరతరాలుగా వాళ్ళ కుటుంబాలే ఈ పని చేస్తున్నాయి. పనసకర్ర దుంగనొకదాన్ని తీసుకుని, కుండా దండీ అంతా ఆ ఒక్క దుంగలోంచే తొలుస్తారు. అతుకుండదు. పని జరిగే చోట ఎటు చూసినా పచ్చటి పనసచెక్క పేళ్ళు, ఆ వాసన.

అక్కడున్న పెద్దాయన వీణని ఒళ్ళో పెట్టుకుని, వేలి కణుపుతో కుండ మీద రెండు చోట్ల తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. మన వైపు కొబ్బరికాయ తట్టి చూస్తామే, అలాగ. "కర్రకేటీ అవలేదమ్మా. మైనమే పోయింది" అన్నాడు. వీణ మీద ఇరవై నాలుగు ఇత్తడి మెట్లుంటాయి. వాటిని దండి మీద నల్లటి మైనంలో నిలబెడతారు. ఎండలకీ ఏళ్ళకీ ఆ మైనం పగుళ్ళిచ్చి, మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం పోతుంది. అదంతా గీకేసి, కొత్త మైనం పోసి, ఒక్కొక్క మెట్టూ చెవితో చూసుకుంటూ దాని స్థానంలో కూచోబెట్టాలి. మేళం కట్టడమంటారు దాన్ని. యంత్రాలేమీ లేవు. చెవీ వేలూ అంతే. వాయించే నాలుగు తీగలూ, పక్కనుండే మూడు తాళం తీగలూ కొత్తవి వెయ్యాలి. మూడు వారాలు పడుతుందన్నాడు.

ఆయన మా ఎదురుగానే చిన్న ఉలితో మెట్లు ఊడదీసి కాగితంలో వరసగా పేర్చాడు. వీణ దండి బోడిగా అయిపోయింది. దానికి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. "పళ్ళూడినట్టుందే" అంది. "వాయించేది ఎవరమ్మా? పాపా?" అన్నాడాయన. నావైపు చూసి, ఆయనవైపు చూసి, "నేనే" అంది.

వచ్చేటప్పుడు హోటలబ్బాయికి జానెడున్నర బుల్లి వీణ కొంది. నేనూ ఒకటి కొన్నాను, మావారి టీవీ మీద పెట్టడానికి. అన్నట్టు మావారు ఈ పది రోజుల్లో పదకొండుసార్లు ఫోన్ చేశారు. గ్యాసు బుక్ చేశానా, చింతపండు ఎక్కడుంది, వాషింగ్ మిషన్ ఏ నంబరు మీద తిప్పాలి అని. ఒకసారి నేను తియ్యగానే వెనక వీణ వినిపించి, "టీవీలో అంతరాయమా?" అన్నారు. ఏం చెప్పను!

15న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం చూశాను. ఎన్నేళ్ళయిందో! అంత పొడుగు మాను చివర పూజారి కూచుంటే, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగింది. మేమిద్దరం చిన్నప్పటిలాగే అరటిపళ్ళు విసిరాం. రెండూ ఎవరి నెత్తిమీదో పడ్డాయి. మర్నాడు రైలెక్కాను. బిస్కట్ల డబ్బాలోంచి ఒక క్యాసెట్టు నా సంచీలో పెట్టింది. రెండుసార్లు కొన్నదే, రెండోది. మా ఇంట్లో టేపురికార్డరు లేదంటే, "ఉండనీ" అంది.

నవంబరులో వీణ ఇంటికొచ్చింది. ఇల్లమ్మే సంగతి ఏమైందని అడిగితే, "చూద్దాం, వాళ్ళకీ తొందరలేదు" అంది. మాయామాళవగౌళలో సరళీ స్వరాల దగ్గర్నుంచి మొదలెట్టిందట, పదేళ్ళ పిల్లలాగా. ఎడంచేతి వేళ్ళు తీగకి కోసుకుపోయాయట. కొబ్బరినూనె రాసుకుంటోందట. "పూర్వం వేళ్ళకి కాయ కాసి ఉండేదే, గరిటెలు పట్టి పట్టి కుడిచేతికి కాసింది గానీ ఎడంచేతిది మెత్తబడిపోయింది" అంది. ఫోన్లో వాయించి వినిపించవే అంటే ససేమిరా అంది. ఆర్నెల్లాగమంది. నేనూ బలవంతం చెయ్యలేదు. కానీ ఒకరోజు పొద్దున్న మాట్లాడుతూ మాట్లాడుతూ పాలు పొంగుతున్నాయని ఫోను పెట్టెయ్యకుండా పరిగెత్తింది. తిరిగొచ్చి, నేను లైన్లో ఉన్నానని మర్చిపోయి, వీణ ముందు కూచుంది. నేను గ్యాసు ఆపేసి నిలబడిపోయాను. తడబడుతోంది. ఆగుతోంది. మళ్ళీ అక్కడినుంచే ఎత్తుకుంటోంది. పది నిమిషాలు విని, చప్పుడు చెయ్యకుండా ఫోను పెట్టేశాను.

ఈసారి సెలవుకి తనూ వస్తానంటున్నారు మావారు. రోజంతా నా ఫోన్లో మోగే ఆ వీణ ఆయన చెవిన కూడా పడుతోందిగా, ఈమధ్య 'రఘువంశ సుధ' వస్తే పేపరు కిందపెట్టి తలాడిస్తున్నారు. నేనింకా ఏ సంగతీ చెప్పలేదు. ఒక్క బెర్తే దొరికిందని చెబుదామా అని ఆలోచిస్తున్నాను.